కాగితం మీద స్వరం లేదు... రాత్రికి రాత్రే రీరికార్డింగ్!

పాట హిట్టయితే మనకు పండగే. ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఎక్కడ చిత్రీకరించారు, కథానాయిక ఎన్ని చీరలు మార్చింది – అన్నీ చెప్పుకొంటాం. ఆ పాటకీ ఈ పాటకీ మధ్య గంటల తరబడి మోగే నేపథ్య సంగీతం గురించి మాత్రం “రీరికార్డింగ్ బాగుంది” అనే రెండు మాటలతో సరిపెడతాం. ఆ రెండు మాటల వెనక ఎంత కథ వుంటుందో చెప్పడానికి మన మద్రాసు కథలే చాలు. కానీ ఈ వారం నేను చెప్పబోయేది పారిస్ నగరపు కథ. 1957 డిసెంబరు 4వ తేదీ రాత్రి, అయిదుగురు వాద్యకారులు, ఒక తెర, ఒక సినిమా. చేతిలో నొటేషన్ లేదు. రిహార్సల్ లేదు. తెల్లవారేసరికి సినిమాకి సంగీతం వుంది!

ముందుగా మన పద్ధతి గుర్తు చేస్తాను. మద్రాసులో రీరికార్డింగ్ జరుగుతుంటే ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్న రోజులు నాకు చాలా వున్నాయి. ముందు రీలు ఒకసారి మాటలతో సహా వేస్తారు. సంగీత దర్శకుడు చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని, తలుపు తెరుచుకునే చోటు, హీరోయిన్ తలెత్తే చోటు, విలన్ నవ్వే చోటు సెకన్లతో సహా రాసుకుంటాడు. అరగంటలో నొటేషన్ తయారు. అసిస్టెంట్లు దాన్ని వయొలిన్లకూ ఫ్లూటుకూ సితారుకూ పంచుతారు. ఒకటి రెండు రిహార్సల్సు. ఎర్ర లైటు. టేక్! ఇంత వేగంగా ఇంత కచ్చితంగా పని చేసేవాళ్లు ప్రపంచంలో మరెక్కడైనా వున్నారా అని అప్పట్లో నాకు అనుమానం. ఇప్పటికీ వుంది.

సరే, ఇప్పుడు ఆ థియేటర్లోంచి కాగితాలన్నీ తీసేశారనుకోండి. స్టాప్‌వాచీ కూడా తీసేశారనుకోండి. “బొమ్మ చూడు, పక్కవాణ్ణి విను, వాయించు” అన్నారనుకోండి. ఏమవుతుంది? గందరగోళం అవుతుంది. పదిమందిలో తొమ్మిది మంది విషయంలో అంతే. ఆ పదోవాడు మైల్స్ డేవిస్.

ఉరికంబానికి లిఫ్టు

దర్శకుడి పేరు లూయీ మాల్. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. అంతకుముందు సముద్ర పరిశోధకుడు కుస్తోతో కలిసి నీళ్లలో తిరుగుతూ “నిశ్శబ్ద ప్రపంచం” అనే డాక్యుమెంటరీ తీశాడు. అది 1956లో కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి కొట్టింది. అంటే అప్పటిదాకా ఆయన కెమెరా ముందు నటించినవన్నీ చేపలు! మనుషులతో తీసిన తొలి కథాచిత్రం “అసాన్సర్ పూర్ లెషఫో”. మన భాషలో చెప్పాలంటే “ఉరికంబానికి లిఫ్టు”.

కథ క్లుప్తంగా ఇదీ. ఒక ఆయుధ వ్యాపారి. ఆయన భార్య ఫ్లారెన్స్. ఆయన దగ్గర పని చేసే జూలియన్, ఈమె ప్రేమించుకున్నారు. అతను యజమానిని ఆఫీసు గదిలోనే చంపి, ఆత్మహత్యలా కనపడేట్టు చేస్తాడు. కిందికి వచ్చి కారెక్కాక పైకి చూస్తే, తను ఎక్కిన తాడు బాల్కనీకి వేలాడుతూనే వుంది! దాన్ని తీసేద్దామని మళ్లీ లోపలికి వెళ్లి లిఫ్టు ఎక్కాడు. అదే సమయానికి కాపలాదారు కరెంటు ఆపేసి, తాళం వేసుకుని పోయాడు. శనివారం సాయంత్రం. ఇక అతనా లిఫ్టులోనే. బయట అతని కారుని ఒక కుర్రజంట ఎత్తుకుపోయింది. ఆ కారు పోతూంటే ఫ్లారెన్స్ చూసింది. పక్క సీట్లో వేరే అమ్మాయి. తన ప్రియుడు తనను వదిలేసి పోయాడనుకుంది. రాత్రంతా పారిస్ వీధుల్లో అతన్ని వెతుక్కుంటూ నడుస్తుంది.

ఆ నడకే ఈ సినిమాకి ప్రాణం. ఫ్లారెన్స్‌గా వేసింది జీన్ మోరో. ఛాయాగ్రాహకుడు ఆన్రీ దెకే ఆమెకు లైట్లు పెట్టలేదు. షాంజెలీజే వీధి దుకాణాల అద్దాల్లోంచి వచ్చే వెలుగు చాలన్నాడు. కెమెరాను పిల్లల తోపుడు బండిలో పెట్టి ఆమె ముందు తోసుకుంటూ తీశారు. మేకప్ కూడా లేదు. ఆ రోజుల్లో కథానాయిక ముఖాన్ని అలా చూపించడమంటే మాటలు కాదు. లాబొరేటరీ వాళ్లు ఆ నెగెటివ్ చూసి బెంబేలెత్తారట. నేనీ చిత్రం మూడుసార్లు చూశాను. కథ రెండోసారికే తెలిసిపోయింది. మూడోసారి చూసింది ఆ నడక కోసమే... అబద్ధమెందుకు, ఆ నడక వెనక మోగే ట్రంపెట్ కోసం.

అంతా తయారైంది, ఇక సంగీతం కావాలి. మాల్ దగ్గర అసిస్టెంటుగా పని చేస్తున్న జాన్ పాల్ రాప్నో జాజ్ పిచ్చివాడు. (ఇతనే తర్వాత 1990లో “సిరానో ద బెర్జరాక్” తీసి పేరు తెచ్చుకున్నాడు.) మైల్స్ డేవిస్ పారిస్ వస్తున్నాడు, అడిగి చూద్దాం అన్నాడు. మైల్స్‌కప్పుడు 31 ఏళ్లు. అమెరికాలో నల్లవాళ్ల సంగీతంలో ఎదిగివచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు. కొన్ని వారాల పాటు క్లబ్బులో వాయించడానికి వచ్చాడు. పారిస్ అంటే అతనికి ప్రత్యేకమైన మమకారం. 1949లో మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ తనను రంగు చూడకుండా మనిషిగా చూశారని చివరిదాకా చెప్పుకొన్నాడు. గాయని జూలియెత్ గ్రెకోతో ప్రేమకథ కూడా ఆ రోజుల్లోదే. అది వేరే వ్యాసం.

మాల్ అతనికి సినిమా వేసి చూపించి, ఎవరు ఎవరికి ఏమవుతారో వివరించాడు. మైల్స్ సరేనన్నాడు. హోటల్ గదిలో పియానో మీద నాలుగైదు చిన్న వరసలు అనుకున్నాడు. అంతే. బాణీ కట్టలేదు.

ఆ రాత్రి

స్టూడియో పేరు పోస్త్ పారిజియెన్. అది వున్నది కూడా షాంజెలీజే మీదే! తెర మీద ఫ్లారెన్స్ నడుస్తున్న వీధి, కిటికీ తెరిస్తే కింద కనిపించే వీధి ఒకటే.

బృందంలో అయిదుగురు. ట్రంపెట్ మైల్స్. డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్ – అమెరికావాడే, పారిస్‌లో స్థిరపడ్డాడు, జాజ్ డ్రమ్స్ వాయించే తీరునే మార్చినవాళ్లలో ఒకడు. మిగతా ముగ్గురూ ఫ్రాన్సు వాళ్లు. టెనర్ శాక్సఫోన్ బార్నీ విలెన్‌కి ఇరవై ఏళ్లు. పియానో రెనే ఉర్త్రెజే, బాస్ పియెర్ మిషెలో. వీళ్లలో ఎవరూ ఏమీ సాధన చేసి రాలేదు. మైల్స్ ఆ చిన్న వరసలు చెప్పాడు. చాలావరకు రెండే రెండు కార్డులు. కార్డంటే నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికించడమని సినిమా సంగీతం తెలిసిన మన పాఠకులకు చెప్పక్కర్లేదు. ఒక కార్డు మీద కాసేపు, ఇంకో కార్డు మీద కాసేపు. వాటి మీద ఏం వాయిస్తావో నీ ఇష్టం.

సంగీతం కావలసిన దృశ్యాలను మాత్రం కత్తిరించి, ఒక్కోదాన్నీ చుట్టలా అతికించి, తెర మీద తిప్పుతూనే వున్నారు. జీన్ మోరో నడుస్తూనే వుంది. వీధి చివరికి వెళ్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది, మళ్లీ నడుస్తుంది. దాన్ని చూస్తూ మైల్స్ వాయించడం మొదలుపెట్టాడు. అసలు జీన్ మోరో కూడా స్టూడియోలోనే వుంది. ఓ మూల చిన్న బార్‌లాంటిది అమర్చుకుని, వచ్చిన వాళ్లకు తనే గ్లాసులు అందించింది. ఊహించుకోండి! తెర మీద ఆమె ప్రియుడి కోసం ఏడుపు దిగమింగుకుంటూ తిరుగుతోంది. తెర ముందు ఆమే నవ్వుతూ గ్లాసులు నింపుతోంది. ఆ ఇద్దరి మధ్య నిలబడి ఈయన ట్రంపెట్ వూదుతున్నాడు.

ఆ రాత్రి అక్కడున్న మరో మనిషి రచయిత బోరిస్ వియాన్. తనూ ట్రంపెట్ వాయించేవాడు. ఈ రికార్డు అట్ట మీద వ్యాసం రాసింది ఆయనే. ఒక టేకులో మైల్స్ పెదవి మీది చర్మపు ముక్క ఊడి ట్రంపెట్ మూతిలో ఇరుక్కుందనీ, దానివల్ల నాదం వింతగా మారిందనీ, దాన్ని అలాగే వుంచేశారనీ రాశాడు. “మోటెల్లో భోజనం” అనే ముక్కలో వినిపించేది అదేనట. నేను చాలాసార్లు విన్నాను. నాదంలో ఒక బరక వుంది, నిజమే. చర్మమో కాదో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. (పాపం వియాన్ చావు కూడా సినిమాతోనే ముడిపడింది. 1959 జూన్‌లో తన నవల ఆధారంగా తీసిన చిత్రం ప్రదర్శన చూస్తూ హాల్లోనే గుండె ఆగి పోయాడు. నలభయ్యేళ్లు కూడా లేవు.)

తెల్లవారేసరికి పని అయిపోయింది. సినిమాలో వాడింది మాల్ లెక్క ప్రకారం 18 నిమిషాల సంగీతం. గంటన్నర సినిమాలో అంతే! కానీ ఆ 18 నిమిషాలు చేరేసరికి సినిమా ఒక్కసారిగా రెక్కలొచ్చినట్టు లేచిందని మాల్ తర్వాత చెప్పుకొన్నాడు. నాకు తోచిన కారణం ఒకటుంది. ఆ ట్రంపెట్ ఎక్కడా బొమ్మని అనుకరించదు. ఆమె తలెత్తితే ఇది తలెత్తదు. ఆమె ఆగితే ఇది ఆగదు. సెకను లెక్క పెట్టి రాసిన సంగీతమైతే తప్పకుండా ఆగి వుండేది. ఇది ఆమె పక్కన నడిచే ఇంకో మనిషిలా వుంటుంది. తన బాధ తనది.

ఇలాంటిది మన దేశంలో అంతకు రెండేళ్ల ముందే జరిగిందని మీరు గుర్తు చేయకముందే నేనే చెబుతాను. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ “పథేర్ పాంచాలీ”కి పండిట్ రవిశంకర్ సంగీతం చేసింది ఒక్క విడతలో, పదకొండు గంటల సేపట్లో. పూర్తయిన సినిమా చూసే అదృష్టం కూడా ఆయనకు లేదు. సగం సినిమా చూసి చేశాడు. తండ్రి తిరిగి వచ్చాక తల్లి గుండె పగిలి ఏడ్చే చోట ఏడుపు వినపడదు, తార్ షహనాయ్ వినపడుతుంది. చూసినవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. మనోధర్మం మన సొత్తు. ఆలాపనలో, నెరవులో, స్వరకల్పనలో మన విద్వాంసులు రోజూ చేసేది అదే. అందుకే ఈ పారిస్ కథ మనకు విచిత్రంగా కాక సొంతంగా తోచాలి.

తెర లేకుండా...

మైల్స్ న్యూయార్క్ తిరిగి వెళ్లాడు. అప్పటి జాజ్‌లో కార్డులు తరుముకొస్తుండేవి. ఒకటి పలికేలోపు ఇంకోటి. వాయించేవాడు వాటి వెంట పరిగెత్తాలి. అతనికి ఆ పరుగు విసుగెత్తింది. ఎందుకు విసుగెత్తిందని అడిగితే రకరకాల కారణాలు చెబుతారు. జార్జ్ రస్సెల్ అనే సంగీతవేత్త సిద్ధాంతమంటారు కొందరు. ఆఫ్రికా నృత్యబృందం వాయిద్యాలు విన్నందుకని అతనే ఒకచోట చెప్పాడు. అవన్నీ నిజమే కావచ్చు. సినిమా రాసేవాణ్ణి కాబట్టి నా పక్షపాతం నాకుంది. రెండు కార్డుల మీద ఒక రాత్రంతా ఒక ఆడమనిషి నడకను చూస్తూ వాయించినవాడికి మళ్లీ ఆ పరుగు మీద మనసు పోతుందా?

1959 మార్చి 2. న్యూయార్క్‌లో ముప్ఫయ్యో వీధి. కొలంబియా కంపెనీ స్టూడియో. అది ఒకప్పుడు చర్చి. ఎత్తయిన కప్పు, చెక్క నేల. మంచి నాదం పలికే గది అని ప్రపంచమంతా పేరు. ఈసారి తెర లేదు, సినిమా లేదు. బృందం మాత్రం అసాధ్యమైనది. టెనర్ శాక్సఫోన్ జాన్ కోల్ట్రేన్, ఆల్టో శాక్సఫోన్ కానన్‌బాల్ ఆడర్లీ, పియానో బిల్ ఎవాన్స్, బాస్ పాల్ ఛేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. ఎవాన్స్ అప్పటికే బృందంలోంచి తప్పుకున్నాడు, ఈ రికార్డు కోసం ప్రత్యేకం పిలిపించారు. ఆ సంగతి తెలియక బృందంలోని కొత్త పియానిస్టు వింటన్ కెల్లీ టాక్సీ వేసుకుని వచ్చి చూస్తే, తన కుర్చీలో ఇంకొకడు కూర్చుని వున్నాడు! మన దగ్గరైతే అక్కడే షూటింగ్ కాన్సిల్. మైల్స్ ఏదో చెప్పి సర్దాడు. మొదట రికార్డు చేసిన ముక్క కెల్లీకి ఇచ్చాడు, మిగతావన్నీ ఎవాన్స్‌కి.

వాయించాల్సినవి మైల్స్ కొద్ది గంటల ముందే ఆలోచించుకొచ్చాడని ఎవాన్స్ రికార్డు అట్ట మీద రాశాడు. చిత్తు గీతల్లాంటివి. ఒక ముక్కకు ఆడర్లీ ముందున్న స్టాండు మీద అయిదు స్వరవరసలు మాత్రం రాసిన చిన్న కాగితం – అదీ మొత్తం “నొటేషన్”.

“సో వాట్” అనే మొదటి ముక్క తీసుకోండి. “అయితే ఏంటట?” అని అర్థం. మీ ఇంట్లో హార్మోనియం వుంటే, ‘సి’ తర్వాతి తెల్లమెట్టుని షడ్జమం చేసుకుని వరసగా తెల్లమెట్లే నొక్కుకుంటూ పైకి పోండి. ఖరహరప్రియ! త్యాగరాజస్వామి ఎన్నో కృతులు కూర్చిన రాగం మెట్లే “సో వాట్”కి ఆధారం. రాగం కాదు సుమండీ, గమకాలు లేవు, మన సంచారాలు లేవు. మెట్లు మాత్రమే. పదహారు ఆవృతాల సేపు ఆ మెట్ల మీద వుంటారు. తర్వాత ఎనిమిది ఆవృతాలు శ్రుతినే అర మెట్టు పైకి జరుపుతారు. మళ్లీ ఎనిమిది కిందికి. శ్రుతి జరపడమా అని మన విద్వాంసులు చెవులు మూసుకోవచ్చు. వాళ్లకు అదే మలుపు. పల్లవిని బాస్ పాడుతుంది, మిగతా వాళ్లంతా రెండు స్వరాలతో దానికి బదులిస్తారు. ప్రశ్న పెద్దది, జవాబు చిన్నది.

ఆ రోజు టేపులో మాటలు కూడా మిగిలాయి. ఈ ముక్క మరీ నెమ్మదిగా మొదలవుతోంది, చిన్న చిన్న చప్పుళ్లన్నీ మైకులో పడుతున్నాయి, బాస్ మోగితే పక్కన డ్రమ్ము అదురుతోంది అని నిర్మాత ఇర్వింగ్ టౌన్సెండ్ లోపలి గదిలోంచి హెచ్చరించాడు. అది కూడా ఇందులో భాగమేలే అన్న అర్థం వచ్చేట్టు మైల్స్ బదులిచ్చాడు. నాకు ఈ ఒక్క సంభాషణ కోసం ఆ రికార్డంటే ఇష్టం. మన థియేటర్లలో ఎవరో కుర్చీ జరిపితే టేక్ పోయేది!

ఏప్రిల్ 22న రెండో విడత. ఆ రోజు వాయించిన “ఫ్లమెంకో స్కెచెస్” మనవాళ్లకు ఇంకా దగ్గర. దాన్ని రాగమాలిక అనుకోండి. అయిదు స్వరవరసలు. ఒక్కో దాంట్లో ఎంతసేపు వుండాలో ఆ వాయించేవాడి ఇష్టం. అతను రెండో దాంట్లోకి అడుగు పెట్టాడని మిగతావాళ్లు చెవులతో పట్టుకోవాలి. లెక్క లేదు, సైగ లేదు. ఒక్క క్షణం ఏమరుపాటుగా వుంటే అందరి బతుకూ బయటపడుతుంది. దాన్ని రెండుసార్లు పూర్తిగా వాయించి రెండోదాన్ని వుంచారు. మిగతా నాలుగు ముక్కలూ, మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాలు పోగా, మొదటిసారి పూర్తిగా వాయించినవే. అంటే మీరు వినే “కైండ్ ఆఫ్ బ్లూ”లో వాళ్లు ఆ ముక్కల్ని నేర్చుకుంటూ వుంటారు. నేర్చుకున్నాక వాయించిన వాయింపు ఆ తర్వాత కచేరీల్లో విన్నాం. చాలా వేగంగా, చాలా ధీమాగా వుంటుంది. ఆ బెరుకు మాత్రం వుండదు. ఆ బెరుకే ఈ రికార్డుకి అందం అని నా అభిప్రాయం.

ఇంత గొప్ప రికార్డు, తప్పులు కూడా ఘనంగానే చేశారు. మార్చి 2న వాడిన టేపు మెషీన్ నెమ్మదిగా తిరిగింది. అందువల్ల మొదటి వైపు మొత్తం అసలు కంటే కాస్త పై శ్రుతిలో అచ్చయింది. 1992లో ఇంకో మెషీన్ టేపు తీసి సరిదిద్దేదాకా ఆ రికార్డుతో పాటు వాయించబోయిన ప్రతి కుర్రాడూ తన వాయిద్యంలో ఏదో లోపముందనుకున్నాడు. రెండో వైపు రెండు ముక్కల పేర్లు తారుమారు. ఆడర్లీ ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మన టైటిల్ కార్డుల్లో అచ్చుతప్పుల్ని చూసి నవ్వేవాళ్లు ఇది కూడా తెలుసుకోవాలి.

పేరు ఎవరిది?

అసలు విషయానికి వస్తాను. ఎవరూ రాయని సంగీతం ఎవరిది?

పారిస్ రికార్డు మీద సంగీతం మైల్స్ డేవిస్. “కైండ్ ఆఫ్ బ్లూ”లో అయిదు ముక్కలకూ రచన మైల్స్ డేవిస్. కాగితమే లేనప్పుడు “రచన” అంటే ఏమిటి? రెండు కార్డులు చెప్పినవాడిదా? వాటి మీద ప్రాణం పెట్టి అల్లినవాడిదా? “బ్లూ ఇన్ గ్రీన్” అనే ముక్క తనదని బిల్ ఎవాన్స్ తర్వాత చాలాసార్లు చెప్పుకొన్నాడు. దాని రాయల్టీ సంగతి అడిగితే మైల్స్ 25 డాలర్లకు చెక్కు రాసిచ్చాడట. ఇది ఎవాన్స్ చెప్పిన మాట. అదే సంవత్సరం డిసెంబరులో ఎవాన్స్ సొంత బృందంతో ఆ ముక్కను రికార్డు చేస్తే, దాని మీద ఇద్దరి పేర్లూ వేశారు. 25 డాలర్ల రికార్డు సంగతి చెప్పనా? 2019 నాటికి అమెరికాలోనే 50 లక్షల ప్రతులకు ధ్రువపత్రం వచ్చింది. 2009 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఆ రికార్డుని గౌరవిస్తూ తీర్మానం చేసింది – 409 మంది అనుకూలం, ఒక్కరూ వ్యతిరేకం లేరు.

మైల్స్‌ని దుర్మార్గుడని తేల్చేసే వుద్దేశం నాకు లేదు. ఎవర్ని పిలవాలో, ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టాలో, ఎప్పుడు తను ఆగిపోవాలో తెలియడం కూడా విద్యే. కోల్ట్రేన్ ఒక్క శ్వాసలో వంద స్వరాలు గుమ్మరించే మనిషి. ఆడర్లీ నవ్వుతూ వాయించే మనిషి. వాళ్లిద్దరి మధ్య తను నాలుగే స్వరాలు వాయించి వూరుకోవడం మైల్స్‌కే చెల్లింది. అదే ఆయన రచన అంటే నేను కాదనను. కానీ ఆ 25 డాలర్లు మాత్రం నా గొంతు దిగవు.

మన పరిశ్రమలో ఇలాంటి వాళ్లని “ఘోస్టు”లంటాం. కథకు ఘోస్టు, మాటలకు ఘోస్టు, సంగీతానికి ఘోస్టు. రీరికార్డింగులో సంగీత దర్శకుడు “ఇక్కడ ఏదైనా ఓ బిట్ వెయ్యి నాయనా” అంటే ఫ్లూటు పెద్దాయన కళ్లు మూసుకుని నాలుగు స్వరాలు వూదేవాడు. ఆ నాలుగు స్వరాలే సినిమా విడుదలయ్యాక హాల్లో ఆడవాళ్ల చేత కొంగుతో కళ్లు తుడిపించేవి. ఆయన పేరు రికార్డు మీద వుండదు, టైటిల్సులో వుండదు. సాయంత్రం పేమెంటు వోచరు మీద మాత్రం సంతకముంటుంది. మైల్స్ రికార్డుల మీద కనీసం ఎవరు ఏది వాయించారో అచ్చువేశారు. అందుకే ఇవాళ బార్నీ విలెన్ పేరు, పియెర్ మిషెలో పేరు నేను మీకు చెప్పగలిగాను. మన పాత రికార్డులు తిరగేసి ఆ ఫ్లూటు ఎవరిదో చెప్పమంటే, బతికున్న పెద్దవాళ్లని పట్టుకుని అడగడం తప్ప దారి లేదు. ఆ పెద్దవాళ్లు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

“కైండ్ ఆఫ్ బ్లూ” 1959 ఆగస్టు 17న విడుదలైంది. ఎనిమిది రోజుల తర్వాత, ఆగస్టు 25 రాత్రి, న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ క్లబ్బు ముందు మైల్స్ నిలబడి వున్నాడు. లోపల విరామం. పైన బోర్డు మీద తన పేరు. ఒక తెల్ల మహిళను టాక్సీ ఎక్కించి వచ్చాడు. ఇక్కడ నిలబడొద్దు పొమ్మన్నాడు పోలీసు. నేను పని చేసేది ఇక్కడే, ఆ పేరు నాదే అన్నాడు. లాఠీలతో తల పగలగొట్టి, రక్తం వోడుతుండగా స్టేషనుకి తీసుకెళ్లారు. తర్వాత కేసు నిలవలేదు. కోటు మీద రక్తపు మరకలతో వున్న ఆయన ఫొటో పత్రికల్లో వచ్చింది. ఆ ఫొటోని, ఆ రికార్డుని పక్కపక్కన పెట్టుకుని చూస్తే... ఇంత ప్రశాంతమైన సంగీతం ఎలాంటి వూళ్లో పుట్టిందో తెలుస్తుంది.

అదే ఏడాది కొలంబియా కంపెనీ “జాజ్ ట్రాక్” అనే ఎల్.పి. విడుదల చేసింది. ఒకవైపు పారిస్ రాత్రి. రెండోవైపు 1958లో ఎవాన్స్, కోల్ట్రేన్, ఆడర్లీ, ఛేంబర్స్, కాబ్‌లతో చేసినవి. ఒకే పళ్లెం మీద ఇటు సినిమా, అటు సినిమా తర్వాతి సంగీతం. ఎవరు ఆలోచించారో గానీ ఆ పళ్లేన్ని తిరగేస్తే చాలు, నేను పైన రాసిందంతా అక్కర్లేదు. పారిస్ సంగీతం మాత్రం ఇంకోలా కూడా దొరుకుతుంది. సినిమాలో, పాత రికార్డులో ఆ ట్రంపెట్‌కి ప్రతిధ్వని కలిపారు, ఖాళీ వీధిలో మోగినట్టుంటుంది. 1988లో వచ్చిన సి.డి.లో ఆ రాత్రి టేకులు కూడా వేశారు, ప్రతిధ్వని లేకుండా. ఒకే దృశ్యానికి మళ్లీ మళ్లీ వాయించినవి. ఒకదానిలా ఇంకొకటి వుండదు. నడిచే మనిషి ఒకరే, నడక ప్రతిసారీ వేరు.

ఆ చర్చి స్టూడియో 1980ల మొదట్లో మూతపడింది, తర్వాత పడగొట్టేశారు. కోల్ట్రేన్ 1967లో, ఛేంబర్స్ 1969లో, కెల్లీ 1971లో, ఆడర్లీ 1975లో, ఎవాన్స్ 1980లో, మైల్స్ 1991లో పోయారు. చివరిదాకా మిగిలినవాడు డ్రమ్స్ జిమ్మీ కాబ్. 2020 మే నెలలో, 91వ ఏట పోయాడు. “సో వాట్”లో మైల్స్ మొదటిసారి ట్రంపెట్ అందుకునే చోట కాబ్ పెద్ద సింబల్ మీద ఒక దెబ్బ కొట్టాడు. కొట్టగానే, మరీ గట్టిగా కొట్టేశాననుకున్నాడట. ఎవరూ ఆపలేదు. ఆ దెబ్బ గాలిలో వేలాడుతూ వేలాడుతూ, ట్రంపెట్ మొదటి మాటల మీదుగా మెల్లగా కరిగిపోతుంది. రికార్డు పెట్టుకుని గడియారం చూసుకోండి, ఒకటిన్నర నిమిషం దగ్గర వస్తుంది.